ఆరు చేతుల బాలింత

జ్ఞానాంబ టీచరమ్మకు ఉన్నది ఒకటే పిచ్చి. ఆమె సీసాలో పెంచే పురుగు పిల్లను పెట్టిందంటే చాలు, సందు సందంతా పిలిచి వేడుక చేస్తుంది. చక్కెర పొంగలి వండుతుంది, శనగ గుగ్గిళ్ళు పంచుతుంది, వచ్చిన ఆడవాళ్ళందరికీ గాజులు తొడిగిస్తుంది. ఇంతకీ ఆ పురుగు ఎంతుంటుందంటారా? నువ్వుగింజను పట్టుకుని నిలువుగా సాగదీస్తే ఎంతవుతుందో అంత.

ఆమెను మాత్రం ఎవరూ ఏ శ్రీమంతానికీ పిలవరు. చిత్తూరులో ఆమె ఉండే సందులో శ్రీమంతానికి పిలవడానికి కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరిన ఆడవాళ్ళు ఎడమపక్క ఇంట్లో బొట్టు పెడతారు, టీచరమ్మ వాకిలి ముందు కొంగు సర్దుకుంటూ గబగబా నడుస్తారు, కుడిపక్క ఇంట్లో బొట్టు పెడతారు. కారణం, ఆమె పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. ఊళ్ళో పిల్లలందరికీ పుట్టుక ఎలా జరుగుతుందో పాఠం చెప్పడానికి పనికొచ్చిన మనిషి, కడుపుతో ఉన్న పిల్ల చేతికి గాజు తొడగడానికి పనికిరాదట. దీన్ని ఆచారం అంటారు. గాజులమ్మే వహీదున్నీసా దీన్ని ఇంకో మాటతో అంటుంది. ఆ మాట అచ్చు వేయడం కుదరదు.

టీచరమ్మ ఎన్నడూ నోరెత్తలేదు. పిలుపు తన గడప దాటిపోయే సమయానికి ఆమె కిటికీ దగ్గర నిలబడి సీసాలోకి చూస్తూ ఉండేది, అంతే.

ఆ సందులో ఎవరి శ్రీమంతమైనా గాజులు తొడగాల్సింది వహీదున్నీసానే. భర్త కాశిం సాహెబ్ పోయాక ఆయన గాజుల పెట్టె ఆమె నెత్తికెక్కింది. మొదటిసారి టీచరమ్మ పిలిచినప్పుడు ఆమెకు అర్థం కాలేదు.

"వహీదా, ఆదివారం పొద్దున రా. మా ఇంట్లో గాజులు తొడగాల."

"ఎవురికి టీచరమ్మా? మీ తమ్ముడి కూతురికా?"

"మా హైడ్రాకు. కడుపుతో ఉండాది. కడుపుతో అంటే కడుపులో కాదు, పక్కన."

"పక్కనా?"

"నడుం పక్కన మొగ్గ తొడిగింది. కోరకీభవనం అంటారు దాన్ని."

ఇదేదో పెద్ద జబ్బు పేరులాగుందని వహీదున్నీసా కంగారుపడింది. "ఆసుపత్రికి తీసకపోలేదా? మొగుడేమంటాడు?"

"మొగుడు లేడు."

"అయ్యో, పోయినాడా?"

"పోయేదానికి ఎప్పుడుండినాడు గనక! దానికి అక్కర్లేదు వహీదా. కడుపు నిండా తిండి దొరికితే చాలు, తన ఒంట్లోంచే ఇంకోదాన్ని తయారుచేసుకుంటాది."

"యా అల్లా!" వహీదున్నీసా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఈ సంగతి మన సందులో ఆడోళ్ళకు చెప్పొద్దు టీచరమ్మా. రేపట్నుంచి ఒక్కరూ వంట చెయ్యరు."

ఆదివారం వచ్చి చూసింది. తూర్పు కిటికీలో వెడల్పు మూతి గాజుసీసా. ఎండ ఆ నీళ్ళలోంచి దూరి గోడమీద పచ్చగా కదులుతోంది. నీటి నాచు ఆకు మీద లేత పచ్చరంగు పోగు ఒకటి, ఒంటికాలి మీద నిలబడి, నెత్తిన ఉన్న చేతుల్ని నిద్రలో ఉన్నట్టు మెల్లగా ఊపుతోంది. భూతద్దం పెట్టి చూస్తే దాని పక్కన ఇంకో బుజ్జి పోగు, దానికీ బుజ్జి చేతులు. తల్లి ఊగితే బిడ్డ ఊగుతోంది. సద్దే లేదు. వహీదున్నీసా నెత్తిమీద పెట్టె దించడం కూడా మరిచిపోయి చూసింది. ఎన్నో పురుళ్ళ ఇళ్ళు తిరిగిన మనిషి, అరుపుల్లేని కాన్పు చూడటం అదే మొదలు.

కాసేపటికి వ్యాపారం గుర్తొచ్చింది. "చేతులెన్ని దీనికి?"

"దీనికి ఆరు. కొన్నిటికి ఇంకా ఎక్కువుంటాయి."

"ఈ సైజు నా దెగ్గర లేదు టీచరమ్మా. మా ఆయన కాలంలో కూడా రాలేదు."

"దానికొద్దులే. దాని పేరు చెప్పుకొని వచ్చినోళ్ళకు తొడుగు."

అట్లా మొదలైంది. మొగ్గ తొడిగితే శ్రీమంతం, మొగ్గ విడిపోతే పురుడు. సందులో పిల్లలు టీచరమ్మ ఇంటివైపు చెవులు పెట్టుకుని బతికేవాళ్ళు. "బిడ్డ పుట్టింది రోయ్" అని ఎవరైనా అరిస్తే గిన్నెలు పట్టుకుని పరుగు. పెద్దవాళ్ళు ఎగతాళికి అడిగేవాళ్ళు, "ఏం టీచరమ్మా, ఆడబిడ్డా, మొగబిడ్డా?" అని. ఆమె ఏ మాత్రం నవ్వకుండా, "రెండూ కాదు. బిడ్డ. అంతే," అనేది. అడిగినవాళ్ళు గుగ్గిళ్ళు నమలడం ఆపేసేవాళ్ళు.

ఈ హైడ్రాలు ఎక్కడ దొరుకుతాయంటే, ఆమె బడి ఉన్న బంగారుపాళ్యంలో, మామిడి తోటల వెనక నీళ్ళు నిలిచే గుంటలో. సెలవుల తర్వాత సీసా ఖాళీ అయిందంటే కొత్త నాచు తెచ్చుకోవడానికి అక్కడే గట్టున కూర్చునేది. బస్సులో సీసాను రెండు చేతులా ఒళ్ళో పెట్టుకుని వచ్చేది. కండక్టర్ మునిశేఖర్ ఒకప్పుడు ఆమె దగ్గరే పదో తరగతి చదివినవాడు. డ్రైవరు గుంతలో బండి దింపాడంటే చాలు, ఆమె వెనకనుంచి గొంతెత్తేది.

"మునిశేఖరా! నిదానంగా పొమ్మని చెప్పప్పా. నిండు మనిషి ఉండాది."

బస్సంతా వెనక్కి తిరిగి చూసేది. ఎవరో ఒకరు లేచి సీటు ఇవ్వబోయేవాళ్ళు. యాభై దాటిన ఆమె, సీసా ఎత్తి చూపించేది. మునిశేఖర్ తల పట్టుకుని, "అన్నా, నిదానంగా పోనీ. ఇది ముక్కలైనా చావదంట, ముక్కకొకటి లేస్తాదంట. మళ్ళీ అందరికీ టికెట్లు నేనే కొట్టాల," అనేవాడు. తాను చెప్పిన పాఠం ఒకడికైనా గుర్తున్నందుకు టీచరమ్మ చిత్తూరు వచ్చేదాకా నవ్వుకుంటూ ఉండేది.

పక్కింటి తిరుమలయ్య కథ ఇంకోటి. ఆయన కొండకు పోయొచ్చిన బంధువుల కోసం రెండిళ్ళకూ కలిసిన అరుగుమీద ఎదురుచూస్తున్నాడు. వాళ్ళేమో తీర్థం సీసా ఆయనకిచ్చి వెళ్ళారు. టీచరమ్మ కూడా సీసా కడగడానికని హైడ్రా నీళ్ళను చిన్న సీసాలోకి వంచి అదే అరుగుమీద పెట్టింది. తిరుమలయ్య దాన్నే తీర్థమనుకుని కళ్ళకద్దుకుని, అరచేతిలో పోసుకుని, మూడుసార్లు భక్తిగా పుచ్చుకున్నాడు. సంగతి తెలిశాక ఆయన ముఖం పాలిపోయింది.

"టీచరమ్మా, నిజం చెప్పు. ఇప్పుడది నా కడుపులో మొగ్గలు పెడతాదా?"

"పెట్టదులే తిరుమలయ్యా."

"నా పక్కన బుజ్జి తిరుమలయ్య మొలిస్తే సందులో ఏ ముఖం పెట్టుకొని తిరగాల?"

"నీ కడుపులో ఆమ్లం ముందర అదెంతసేపప్పా నిలిచేది! పాపం, అదే పోయింది. దానికి అన్యాయం చేసినావు," అని ఆమె నిజంగానే దిగులుపడింది. తిరుమలయ్య వారం రోజులు బనియను ఎత్తి నడుం తడుముకుంటూనే ఉన్నాడు. తడుముకుంటున్నప్పుడు ఎవరైనా చూస్తే, చెమటకాయలని చెప్పేవాడు.

మధ్యాహ్నాలు గాజుల గిరాకీ ఉండదు. వహీదున్నీసా టీచరమ్మ వరండాలో పెట్టె దించుకుని కూర్చునేది. అలా ఒక రోజు అడిగింది, "ఇంకా చిన్న జీవాలు ఉంటాయంటివి గదా. వాటికెందుకు పురుడు చెయ్యవు?"

"అమీబాకు చేద్దామనే ఉంటాది వహీదా. ఎవరికి చేసేది? అది నడిమికి ఇట్ల సన్నబడతాది, రెండు అవుతాది. ఇందులో బాలింత ఎవరు, బిడ్డ ఎవరు? అమ్మ యాడుందంటే యాడా లేదు. పోయిందా అంటే పోలేదు. రెండూ పసిబిడ్డలే. రెండూ ముసలివే."

"సచ్చేది లేదా దానికి?"

"ఎండిపోతే సస్తాది. ఇంకోటి మింగితే సస్తాది. వయసైపోయి మాత్రం కాదు."

వహీదున్నీసా స్తంభానికి ఆనుకుంది. గోడమీద పచ్చటి వెలుగు ఊగుతోంది. కళ్ళు మూతలు పడ్డాయి. ఆ ఎండలో ఆమెకు తాను నడుం దగ్గర మెల్లగా సన్నబడుతున్నట్టు అనిపించింది. ఒక వహీదా పెట్టె ఎత్తుకుని పోయింది. ఇంకో వహీదా ఇంట్లోనే ఉండి చల్లగా నిద్రపోయింది. నిద్రపోతున్నదాని పక్కన కాశిం సాహెబ్ కూర్చుని విసనకర్ర విసురుతున్నాడు. ఆయన కూడా ఎప్పుడో రెండైపోయాడు కాబోలు, ఒకరు పోయినా ఒకరు ఉన్నారు. లేచేసరికి టీ చల్లారిపోయింది. ఏం కల వచ్చిందో టీచరమ్మ అడగలేదు, వేడిగా ఇంకో గ్లాసు పెట్టింది.

ఇట్లా ఉండగా ఎదురింటి దేవకమ్మ కూతురు రూపశ్రీ నిండు నెలలతో పుట్టింటికి వచ్చింది. శ్రీమంతం శుక్రవారం పెట్టుకున్నారు. వహీదున్నీసాను పిలిచి దేవకమ్మ అన్నీ చెప్పింది, ఎర్రగాజులు, పచ్చగాజులు, ముహూర్తం దాటితే రాహుకాలం, తొందరగా రావాలి. చివర గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది.

"ఆ పొద్దు మా కోడల్ని రేణిగుంటకు పంపిస్తా ఉండాను, వాళ్ళన్న ఇంటికి. దానికి రెండుతూర్లు కడుపు నిలవలేదు. దాని కన్ను, దాని చెయ్యి పడకుంటే మేలు. నా బిడ్డ జాగర్త నేను చూసుకోవాల గదా."

తలుపు పక్కనే కోడలు నందిని టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. అత్త మాట మొత్తం విన్నది. టీ మాత్రం అందరికీ తొణక్కుండా ఇచ్చింది.

వహీదున్నీసా సందు మలుపు తిరిగేలోపు నందిని వెనకే వచ్చింది. "వహీదమ్మా, ఒక మాట. నేను ఈ ఇంటికి వచ్చేటప్పటికి రూప రెండు జడల పిల్ల. ఆ జడలు రోజూ నేనే వేసినాను. నీ శ్రీమంతానికి మొదటి గాజు నేనే తొడగాల అని అప్పుడే ఆటకు అనుకున్నాము. ఇప్పుడు నేను రేణిగుంట బస్సులో కూర్చోవాలంట." వెనక్కి తిరిగి ఒకసారి ఇంటివైపు చూసింది. "ఏదన్నా దారి ఉంటే చెప్పు."

వహీదున్నీసాకు దారి తెలీదు. తిట్టు ఒకటి తెలుసు. దాన్ని లోపలే అనుకుని ఇంటికి పోతుంటే, టీచరమ్మ కిటికీలోంచి కేకేసింది.

"వహీదా! శుక్రవారం పొద్దున మా ఇంట్లో శ్రీమంతం. ముందు ఈడికే రా."

"శుక్రవారమా? దేవకమ్మ ఇంట్లో కూడా అదే పొద్దు గదా టీచరమ్మా. మీ పురుగుకు వేరే దినం దొరకలేదా?"

"దాని చేతిలో ఉండాదా?"

"ఆరుండాయి గదా!"

టీచరమ్మ నవ్వి కిటికీ మూసింది.

శుక్రవారం వహీదున్నీసా ముందు టీచరమ్మ ఇంటికే వెళ్ళింది. మల్లెపూలు, గంధం, పొంగలి వాసన. సీసాకు చిన్న పూలదండ. నాలుగు కుర్చీలు వేసి ఉన్నాయి, మూడింటిలో ఆడవాళ్ళు, నాలుగోది ఖాళీ. ఒకరు శకుంతలమ్మ, భర్త పోయినప్పటి నుంచి శుభకార్యాల్లో వంటగది దాటి రాని మనిషి. ఒకరు నాగవేణి, మొగుడు వదిలేసి పోతే తప్పు ఆమెదే అయినట్టు తిరిగే పిల్ల. మూడో కుర్చీలో నందిని. ఒళ్ళో ప్రయాణం సంచి అట్లాగే ఉంది. బస్టాండుకని బయల్దేరి, టీచరమ్మ కబురు అందుకుని, వెనక సందులోంచి ఇటు వచ్చింది. ఆమె చెంపలకు టీచరమ్మ గంధం పూస్తోంది.

పెట్టె మూత తీస్తున్న వహీదున్నీసా చేతులు ఆగిపోయాయి. పోయిన తూరి హైడ్రా పురుడు ఏ రోజు? కొళాయి పక్కింట్లో శ్రీమంతం రోజు. దానికి ముందుది? మేడమీద వాళ్ళ మనవడి తొట్లె రోజు. అంతకు ముందుది? అదీ ఎవరింట్లోనో బొట్టు పెట్టి పిలిచిన రోజే. రెండిళ్ళకూ పరిగెత్తలేక తాను ప్రతిసారీ తిట్టుకుంది. ప్రతిసారీ ఈ కుర్చీల్లో ఉన్నది ఆ పక్కన పిలవనివాళ్ళే.

"టీచరమ్మా," అంది నెమ్మదిగా. "ఇవేం కాన్పులు? సందులో ముహూర్తాలు చూసుకొని మరీ వస్తాయే!"

టీచరమ్మ గంధం గిన్నె పక్కన పెట్టింది. "అది రోజూ పెడతానే ఉంటాది వహీదా. తిండి పెడితే ఆగదు. నేను చెప్పేది మాత్రం ఆ రోజుల్లోనే."

"ఇన్నాళ్ళూ నిన్ను పిచ్చిదనుకుంటిమి గదా!"

"అనుకోండి. పిచ్చిదాని ఇంటికి పోవడానికి ఎవరూ అడ్డం చెప్పరు. అంత సుఖం ఇంకోటి లేదు."

వహీదున్నీసా లేచింది. పెట్టెను అక్కడే, మూత తీసి, నందిని ముందు పెట్టింది. ఉత్త చేతులతో సందు దాటి దేవకమ్మ ఇంట్లో అడుగుపెట్టింది. అక్కడ రూపశ్రీ పట్టుచీరలో, ఉబ్బిన కాళ్ళతో, పీటమీద కూర్చుని గుమ్మం వైపే చూస్తోంది. చుట్టూ ఆడవాళ్ళు.

"గాజులేవే?" అంది దేవకమ్మ.

"టీచరమ్మ ఇంట్లో ఉండాయి."

"పోయి ఎత్తుకొని రా మే!"

"కుదరదమ్మా. ఒక ఇంట్లో శ్రీమంతానికి పెట్టె తెరిస్తే, ఆ ఇంట్లో ఉండే అన్ని చేతులూ నిండేదాకా మూయకూడదు, గడప దాటించకూడదు. మా తాతల కాలం నాటి కట్టుబాటు."

ఆ కట్టుబాటు ఆమె సందు దాటుతున్నప్పుడు పుట్టింది. వయసు ఇరవై అడుగులు.

"ఎన్నడూ వినలేదే!"

"ఎన్నడూ రెండిళ్ళు ఒకే గడియకు పెట్టుకోలేదు గదా. మీ ఇష్టం. నాదేం పోయింది, రాహుకాలం మాత్రం నా మాట వినదు."

దేవకమ్మ గడియారం చూసింది. గాజులు లేని శ్రీమంతమా, రాహుకాలంలో శ్రీమంతమా, ఏది ఎక్కువ అశుభమో తేల్చుకోలేక అల్లాడిపోయింది. ఇంకో గాజులమ్మిని తెప్పించేంత వ్యవధి లేదు. ఆమె తేల్చుకునే లోపు రూపశ్రీ రెండు చేతులూ మోకాళ్ళమీద ఆనించి లేచింది.

"నేనే పోతా. ఎదురిల్లే గదమ్మా. గాజులు రాకుంటే చేతులే పోతాయి."

నిండు మనిషి ముందు, పళ్ళేలు పట్టుకున్న ముత్తైదువలు వెనక, అందరికంటే వెనక "ఆగవే, ఆగవే" అంటూ దేవకమ్మ. ఇట్లా శ్రీమంతం మొత్తం సందు దాటి వచ్చింది. అరుగుమీద తిరుమలయ్య లేచి నిలబడి, ఎందుకైనా మంచిదని నడుం తడుముకున్నాడు.

రూపశ్రీ నాలుగో కుర్చీలో కూర్చుంది. ఎదురుగా నందినిని చూసి ఆశ్చర్యపోలేదు. "రేణిగుంట ఇంత దెగ్గరైపోయిందా వదినా?" అని చెయ్యి చాపింది. "తొడుగు. ఎర్రది ముందు. లాగొద్దు, వాచింది."

నందిని సంచి కింద పెట్టింది. మొదటి గాజు రూపశ్రీ వాచిన వేళ్ళ దగ్గరే ఆగింది. వహీదున్నీసా, "బొటనవేలు లోపలికి మడిపించు, ఆఁ, అట్ల," అని పని నేర్పించింది.

దేవకమ్మ నోరు తెరిచింది. ఆ నోట్లోంచి మాట వచ్చేలోపు టీచరమ్మ ఆమె చేతిలో భూతద్దం పెట్టింది. "దేవకమ్మా, రా, రా. విడిపోతా ఉండాది. తడువు చేస్తే కనపడదు." శుభకార్యంలో కాన్పు చూడమంటే కాదనే ఆడది ఎవరు? ఆమె సీసా మీదికి వంగింది.

పచ్చటి నీళ్ళలో తల్లి చేతులు ఊపుతోంది. బిడ్డ పాదం దగ్గర దారమంత బంధం ఒకటి మిగిలింది. అదీ సాగింది, ఇంకా సాగింది, వదిలేసింది. బిడ్డ ఎవరినీ అడగకుండా నీళ్ళలో తేలుతూ, ఎండ పడే చోటుకు మెల్లగా దిగింది. వెనక గాజులు ఒక్కొక్కటే గలగలమంటున్నాయి. ఆ గలగలే నీళ్ళలోంచి వస్తున్నట్టు దేవకమ్మ వంగినది వంగినట్టే ఉండిపోయింది.

చాలాసేపటికి తలెత్తింది. కూతురి చేతులు మోచేతుల దాకా నిండిపోయాయి. కోడలు ఆఖరి గాజు తొడుగుతోంది. దేవకమ్మ భూతద్దాన్ని కొంగుతో తుడిచి కిటికీలో పెట్టింది.

"ఇంత చిన్నదానికి తిండి ఏం పెడతావు టీచరమ్మా?" అంది చివరికి.

"నీళ్ళలో గెంతే సన్న పురుగులు. నువ్వు పొంగలి తిను. నందినీ, మీ అత్తకు కుర్చీ ఇయ్యి."

నందిని ఇచ్చింది. దేవకమ్మ కూర్చుంది. పొంగలి రెండోసారి కూడా పెట్టించుకుంది. మారిపోయిందని చెప్పను, ఆమెది అంత తొందరగా మారే ఒళ్ళు కాదు. కానీ కోడలు వడ్డిస్తుంటే వద్దనలేదు.

అందరూ వెళ్ళాక వహీదున్నీసా పెట్టె మూత వేయబోయింది. టీచరమ్మ మూతమీద చెయ్యి పెట్టింది.

"అదేంది, మీ తాతల కట్టుబాటు? ఈ ఇంట్లో అన్ని చేతులూ నిండేదాకా మూయకూడదంటివే!"

"నిండినాయి గదా."

"నీవి?"

కాశిం సాహెబ్ పోయినప్పటి నుంచి ఆ చేతులు బోసిగానే ఉన్నాయి. చిత్తూరులో సగంమంది చేతుల కొలతలు వహీదున్నీసాకు నోటికి వచ్చు. తన కొలత అడిగితే గుర్తురాలేదు. టీచరమ్మ ఒకటొకటిగా వేసి చూసింది, మొదటిది దూరలేదు, రెండోది జారిపోయింది. మూడోది నీలం రంగుది, సరిపోయింది. ఇప్పుడు నీ వంతు అని వహీదున్నీసా టీచరమ్మ చెయ్యి లాక్కుంది. ఇద్దరూ పొంగలి గిన్నె అడుగు గీక్కుని తింటుంటే గాజులు గిన్నెకు తగిలి ఒకటే చప్పుడు.

రూపశ్రీకి కాన్పు ఎట్లా అయిందని అడిగేవాళ్ళు ఉంటారు. బాగానే అయింది. దానికీ, మొదటి గాజు ఎవరు తొడిగారనే దానికీ ఏ సంబంధమూ లేదు. బాగా కాకపోయినా సంబంధం ఉండేది కాదు. అంత మాత్రం తెలియడానికి జీవశాస్త్రం చదవక్కర్లేదు.

ఇక మీతో ఒక పని ఉంది. మీ ఇంట్లో శ్రీమంతమో తొట్లె పండగో వస్తుంది. భరిణె పట్టుకుని పిలవడానికి బయల్దేరతారు. మీ కాళ్ళు ఏ ఇంటి ముందు తమంతట తామే తొందరపడతాయో గమనించండి. అక్కడే ఆగండి. తలుపు కొట్టండి. ఆమె నమ్మదు, "నన్నేనా?" అని రెండుసార్లు అడుగుతుంది. రెండుసార్లూ "మిమ్మల్నే" అని చెప్పండి.